మణికట్టు మీద పచ్చ దీపం

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీలో రెండో తరగతి చదివే అమ్మాయి నా పక్కన పడుకుని అర్ధరాత్రి నన్ను తట్టి లేపింది. "తాతయ్యా, నీ వాచీ కింద పచ్చ దీపం వెలుగుతోంది. నువ్వు నిద్రపోయావు కదా, మరి అది ఎవరి కోసం?" అని అడిగింది. నేను నిద్రమత్తులో "అది ఛార్జింగ్ గుర్తులే, పడుకో" అనేశాను. పిల్ల నమ్మి పడుకుంది. తెల్లవారాక నాకు సిగ్గేసింది. నాది గుండె దెబ్బల్నీ అడుగుల్నీ లెక్కపెట్టే స్మార్ట్ వాచీ, అది ఛార్జింగ్ గుర్తు కాదని నాకు తెలుసు. ఆ అబద్ధాన్ని సరిచేయడానికే ఈ ఉత్తరం.

వాచీ సంగతికి ముందు మా ఇంట్లో ఉండే టార్చి సంగతి చెప్పాలి. రెండు సెల్లుల ఇనుప టార్చి. మాకు దాన్ని ముట్టుకునే అధికారం లేదు. అయినా రాత్రి పెద్దవాళ్లు పడుకున్నాక మా అన్నయ్యా నేనూ దుప్పటి కిందికి దూరి, టార్చి మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి వెలిగించేవాళ్లం. వేళ్లు నిప్పుల్లా ఎర్రగా మెరిసేవి. బాగా చూస్తే లోపల ఎముకలు కనబడతాయని అన్నయ్య చెప్పాడు. ఎన్ని రాత్రులు చూశామో! ఒక్క ఎముకా కనబడలేదు. ఈలోగా సెల్లులు మాత్రం అయిపోయాయి. ఒక రాత్రి పెరట్లో ఏదో చప్పుడైతే నాన్న టార్చి తీసి నొక్కారు. వెలగలేదు. మర్నాడు ఎవరూ ఏమీ అనలేదు కానీ, ఆ సెల్లుల్ని రెండు రోజులు ఎండలో పెట్టి కాపలా కాసే పని మాకు పడింది.

ఇంతకీ టార్చి వెలుగు చెయ్యి దాటేసరికి ఎందుకు ఎరుపెక్కుతుంది? వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. మన నెత్తురు ఆకుపచ్చనూ నీలాన్నీ మింగేస్తుంది, ఎరుపును చాలావరకు వదిలేస్తుంది. వేళ్ల అవతల మేము చూసింది నెత్తురు మింగకుండా మిగిల్చిన రంగు. ఎముకలు కనబడకపోవడానికి కారణం వేరు. వెలుగు మాంసంలో తిన్నగా పోదు, పొగమంచులో దీపంలా నలుదిక్కులకూ చెదిరిపోతుంది.

ఇప్పుడు వాచీ. నెత్తురు పచ్చ వెలుగును బాగా మింగుతుంది కాబట్టే వాచీ చేసినవాళ్లు పచ్చ దీపం పెట్టారు. ఎలా అంటారా? ఒక ఇంటి గుమ్మం ఊహించుకోండి. గుమ్మానికి పల్చని తెర కట్టి ఉంది. తెర ఇవతల ఒక ముసలమ్మ పచ్చ దీపం పక్కన పెట్టుకుని కూర్చుంది. తెర అవతల జనం నల్ల కంబళ్లు కప్పుకుని గుంపులు గుంపులుగా వెళుతున్నారు. ముసలమ్మకు ఎవరి ముఖమూ కనబడదు. దీపం వెలుగు తెర మీద పడి తిరిగి ఆమె కళ్లలోకి వస్తుంది, అంతే. గుంపు దాటేటప్పుడు ఆ వెలుగు కొంచెం మసకబారుతుంది. గుంపు పోగానే మళ్లీ తేరుకుంటుంది. మసకబారినప్పుడల్లా ఆమె ఒక గవ్వ తీసి పక్కన పెడుతుంది. నిమిషానికి డెబ్బై గవ్వలైతే వాచీ ముఖం మీద 70 అని పడుతుంది.

తెర అంటే మీ చర్మం. గుంపు అంటే గుండె ఒకసారి కొట్టుకున్నప్పుడు తోసే నెత్తురు. పెద్దవాళ్లలో అది ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు. ఆ తోపుడుకు మణికట్టు దాకా ఒక అల వచ్చి పోతుంది. ముసలమ్మ కళ్లను మెచ్చుకోవాలి. ఆ మసక ఎంతనుకున్నారు? తిరిగివచ్చే వెలుగులో నూటికి ఒక పాలో రెండు పాళ్లో. అంత సన్నని తేడాను పట్టుకుని రోజుకు లక్ష గవ్వలు లెక్కపెడుతుంది. పడుకున్నాక కూడా వెలిగే దీపం ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది కదా? ఆ ముసలమ్మ కోసం.

వాచీ పట్టీ వదులుగా ఉందనుకోండి, గాలికి తెర ఊగుతుంది. పాపం, ఆమె గాలిని కూడా గుంపే అనుకుని గవ్వ వేస్తుంది. మణికట్టు మీద ముదురు పచ్చబొట్టు ఉంటే, ఎవరో తెర మీద సిరాతో బొమ్మ వేసినట్లు. నాలాంటి నల్లని చర్మమైతే తెర కాస్త మందం, దీపం ఇంకొంచెం పెంచుకోవాలి. చలికి చేతులు కొంకర్లు పోతే చర్మంలోని సన్న నాళాలు ముడుచుకుంటాయి, వీధిలోకి జనమే రారు. ఏం లెక్కపెడుతుంది మరి? ఊరికే కూర్చోవడం ఇష్టంలేక కొన్నిసార్లు అంచనాగా నాలుగు గవ్వలు వేసేస్తుందని నా అనుమానం. పోలికను ఇంతసేపు లాగకూడదని నాకూ తెలుసు. ఆ ముసలమ్మంటే నాకు ఇష్టం ఏర్పడిపోయింది.

ఆసుపత్రిలో వేలికి తగిలించే క్లిప్పు ఉంటుంది చూశారా? అది ఆమె చెల్లెలు. ఆమె దగ్గర ఎర్ర దీపం ఉంటుంది, దాని పక్కన మన కంటికి కనబడని పరారుణ దీపం ఇంకొకటి. అక్కడ వెలుగు తిరిగి రానక్కర్లేదు, మా టార్చి వెలుగులాగే వేలు దాటి అవతలికి పోవాలి. అందుకే ఎరుపు. ప్రాణవాయువు నిండిన నెత్తురు ఒకలా, లేనిది ఒకలా ఆ రెండు వెలుగుల్ని మింగుతుంది. ఆ తేడాతో నెత్తురులో ప్రాణవాయువు ఎంతుందో లెక్క కట్టే ఉపాయాన్ని 1974లో జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి బయటపెట్టారు. మా అన్నయ్యా నేనూ దుప్పటి కింద అదే వెలుగును చూస్తూ ఎముకల కోసం వెతుక్కున్నాం!

నాడిని కొలవడానికి యంత్రం చేయాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దం మొదట్లో ఇటలీలో సాంటోరియో అనే వైద్యుడు ఉండేవాడు. అప్పటికి సెకన్ల ముల్లున్న గడియారాలు వైద్యుల చేతికి రాలేదు. ఆయన దారానికి బరువు కట్టి ఊపేవాడు. రోగి నాడికీ ఆ ఊపుకూ జత కుదిరేదాకా దారం పొడవు మార్చేవాడు. నాడి వేగంగా ఉంటే దారం పొట్టి, నెమ్మదిగా ఉంటే పొడవు. చివరికి దారం పొడవే రోగి నాడి! ఆ లెక్కన మన గుండెను నిమిషాల్లో కాకుండా జానల్లో కొలిచే రోజులు కూడా ఉన్నాయన్నమాట.

ఇక అడుగుల సంగతి. దీన్ని పొట్టిగా ముగిస్తాను, ఎందుకంటే ఇందులో మీరు చేసిన దొంగతనం ఒకటి బయటపడుతుంది. వాచీలో కందిగింజ కన్నా చిన్న సిలికాన్ ముక్కలో ఒక బరువు సన్నని స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. బస్సు ఆగినప్పుడు మీరు ముందుకు తూలినట్లు, చెయ్యి కదిలినప్పుడు అది తూలుతుంది. లయగా తూలితే నడక అనుకుంటుంది. కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటే నాకు నూట ఇరవై అడుగులు వచ్చాయి. చక్రాల బండిని రెండు చేతులా పట్టుకుని నెట్టుకుంటూ నిజంగా నడిచిన రోజున సగం అడుగులైనా పడలేదు. మీలో పెద్దవాడు, పేరు చెప్పనులే, రాత్రి పన్నెండుకు పది నిమిషాలుండగా మంచం మీద వెల్లకిలా పడుకుని చెయ్యి గిరగిరా ఊపడం నేను చూశాను. "నలభై ఒక్క రోజుల వరస తెగిపోతుంది తాతయ్యా" అన్నాడు. ఆ రోజుకు పదివేల అడుగులు పూర్తికాగానే వాచీ మీద బాణసంచా పేలింది. స్నేహితుల గుంపులో చప్పట్ల బొమ్మలు వచ్చాయి. వాడి కాళ్లు మాత్రం దుప్పటిలోనే ఉన్నాయి.

ఆ పదివేలనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి అప్పుడే చెప్పాల్సింది. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టింది. దాని పేరు 'మన్పోకే', అంటే పదివేల అడుగుల మీటరు. అంతకుముందు సంవత్సరమే టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి, జనానికి వ్యాయామం మీద మోజు పుట్టింది. పదివేలంటే గుండ్రని అంకె, నోటికి బాగుంది, అతుక్కుపోయింది. చాలా ఏళ్ల తర్వాత, 2019లో, అమెరికాలో 16,000 మందికి పైగా వృద్ధ స్త్రీల నడకను లెక్కించి చూశారు. రోజుకు సుమారు 4,400 అడుగులు వేసినవాళ్లలోనే, చాలా తక్కువగా నడిచేవాళ్లకన్నా మరణాలు బాగా తగ్గాయి. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ మేలు ఇక పెరగడం ఆగిపోయింది. నడక మంచిదే, కాదనను. ఒక అమ్మకపు పేరు కోసం అర్ధరాత్రి చెయ్యి ఊపడమే నాకు మింగుడుపడదు.

వాచీ మీద నా అసలు కోపం వేరే ఉంది. ఒకరోజు హాయిగా నిద్రలేచాను. ఒళ్లు తేలిగ్గా ఉంది. వాచీ చూస్తే నిద్రకు నూటికి 54 మార్కులు! ఆ అంకె చూసిన క్షణం నుంచి నాకు ఆవులింతలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి నిజంగానే నీరసపడ్డాను. ఇంకోరోజు తెల్లవారుజామున రెండు గంటలపాటు కళ్లు తెరుచుకుని కప్పు వైపు చూస్తూ పాత విషయాలు తలచుకున్నాను. ఆ రోజు 88 ఇచ్చింది. ఎందుకో ఆలోచించండి. ముసలమ్మ ఇంటి లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. గుమ్మం దగ్గర జనం పల్చబడ్డారు, చడీచప్పుడు లేదు, కాబట్టి ఇంట్లో అందరూ పడుకున్నారని అనుకుంది. మేడ మీద గదిలో ఒకాయన దీపం ఆర్పేసి మేలుకుని ఉన్నాడని ఆమెకు ఎలా తెలుస్తుంది? నిద్ర ఏ దశలో ఉందో చెప్పాలంటే తలకు తీగలు అతికించి మెదడు అలల్ని చూడాలి. మనిషి మెదడు అలల్ని మొదటిసారి 1924లో హాన్స్ బెర్గర్ నమోదు చేశాడు, నిద్ర ప్రయోగశాలల్లో ఇప్పటికీ చూసేది ఆ అలల్నే. మణికట్టు దగ్గర కూర్చున్న మనిషి తల గురించి చెప్పే మాట ఊహ. తెలివైన ఊహే, చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ ఆ ఊహకు మార్కులు వేసి, పొద్దున్నే నా కళ్ల ముందు పెట్టడం ఎందుకు? మంచి నిద్ర మార్కుల కోసం బెంగపడి నిద్ర పాడుచేసుకునే జబ్బుకు 2017లో వైద్యులు ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు చదివాక, ఈ లోకంలో నేను ఒంటరిని కానని కాస్త ధైర్యం వచ్చింది. ఇప్పుడు నిద్ర మార్కుల పేజీని తీసేశాను. గవ్వల లెక్క మాత్రం ఉంచుకున్నాను. ఆమెకు వచ్చిన పని అది, దాన్ని బాగా చేస్తుంది.

సరే, ఇక మీ పని. రాత్రి గదిలో దీపాలు ఆర్పి, అమ్మ ఫోను అడిగి తీసుకోండి. వీడియో కెమెరా తెరిచి, లైటు వేసి, కెమెరా కన్నూ లైటూ రెండూ మూసుకునేలా చూపుడు వేలు ఆనించండి. గట్టిగా నొక్కకూడదు. తెర అంతా ఎర్రబడుతుంది. అది మా దుప్పటి కింది ఎరుపే. ఓపికగా చూస్తూ ఉండండి. ఆ ఎరుపు అంచుల్లో కొంచెం ముదిరి, కొంచెం తేరుకుని, మళ్లీ ముదురుతుంది. కొన్ని ఫోన్లలో బాగా తెలుస్తుంది, కొన్నింటిలో తెలియదు. వేలు వేడెక్కితే తీసేయండి.

తర్వాత ఫోను పక్కన పెట్టేసి మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండు వేళ్లు ఆనించండి. చూపుడు వేలు, మధ్య వేలు. బొటనవేలితో చూడకండి, దానికీ సొంత నాడి ఉంది, మిమ్మల్ని మోసం చేస్తుంది. గోడ గడియారం ముందు కూర్చుని నిమిషంపాటు లెక్కపెట్టండి. తర్వాత మెట్లు ఎక్కి దిగి వచ్చి మళ్లీ లెక్కపెట్టండి.

చివరిది రెండో తరగతి అమ్మాయికి. నాడి మీద వేళ్లు ఉంచే, తొందర లేకుండా ఊపిరి పీల్చు, వదులు. లెక్క వద్దు, నడక చూడు. పీల్చేటప్పుడు నాడి కొంచెం పరుగెత్తుతుంది, వదిలేటప్పుడు కొంచెం ఆగి ఆగి నడుస్తుంది. నీ వయసు పిల్లల్లో ఇది బాగా తెలుస్తుంది, నాలాంటివాళ్లలో ఎప్పుడో తగ్గిపోయింది. నాకు మొదటిసారి తెలిసినప్పుడు గుండెకూ ఊపిరికీ మధ్య ఎవరో రహస్యంగా తాడు కట్టారేమో అనిపించింది. ఎందుకలా అవుతుందో ఈసారికి చెప్పను. ముందు నీ వేళ్లతో నువ్వు పట్టుకో. తర్వాత మీ తమ్ముడు నిద్రపోతున్నప్పుడు, మోచేతి మడత లోపలి వైపు మెల్లగా వేళ్లు పెట్టి చూడు. వాడిది నూరు దాటినా భయపడకు, చిన్నవాళ్ల గుండె అలాగే ఉరుకుతుంది. లేపావంటే మాత్రం మీ అమ్మకు నేను జవాబు చెప్పలేను.

అంకెలన్నీ కాగితం మీద రాసి పంపండి. నాన్నమ్మ నాడి నేను చూశాను, 68. నన్ను నమ్మక తనూ చూసుకుంది, 71 అంటోంది. ఇంకా తేలలేదు.

ఇట్లు,
మీ తాతయ్య