వారంటీ అయిపోయాక ఉబ్బిన బ్యాటరీ ఎవరిది?

భీమవరం దగ్గర మా బాబాయికి రొయ్యల చెరువుంది, రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటాయి కాబట్టి ఆయన గట్టు మీద రేకుల షెడ్డులోనే పడుకుంటాడు, ఫోన్ కూడా తెల్లారేదాకా అక్కడే ఛార్జింగ్‌లో ఉంటది. మొన్న ఎండాకాలం ఆ ఫోన్ వెనక డొప్ప ఒక పక్క లేచి గోరు దూరేంత సందొచ్చింది, లోపల బ్యాటరీ పూరీలా పొంగింది. కొని 14 నెలలు. సర్వీస్ సెంటర్ వాళ్లు బిల్లు మీద తేదీ చూసి "వారంటీ అయిపోయిందండీ, డిస్‌ప్లే కూడా లేచింది, రెండూ మార్చాలి" అన్నారు అంతే, ఎందుకు ఉబ్బిందో ఎవరూ చెప్పలేదు.

ఫోన్ బ్యాటరీ అంటే పాల ప్యాకెట్ లాగా అంచులు అతికించిన అల్యూమినియం పొర సంచి. లోపల గ్రాఫైట్ పూసిన రాగి రేకు, లిథియం పదార్థం పూసిన అల్యూమినియం రేకు, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొర, ఇవన్నీ మంటంటుకునే ఒక ద్రవంలో నాని ఉంటాయి. ఫ్యాక్టరీలో మొదటిసారి ఛార్జ్ చేసినప్పుడే ఆ ద్రవం కొంచెం విరిగి గ్యాస్ వస్తుంది, దాన్ని బయటికి తీసేసి అప్పుడు సంచిని ఆఖరి సీలు వేస్తారు. అంటే గ్యాస్ సంగతి తయారుచేసేవాళ్లకి మొదటి రోజు నుంచీ తెలుసు! తర్వాత వేడికి, గంటల తరబడి ఫుల్ ఛార్జ్‌లో ఉండటానికి అదే ద్రవం మెల్లగా విరుగుతూనే ఉంటది, కార్బన్ డయాక్సైడ్, ఇథిలీన్ లాంటివి పోగవుతాయి, బయటికి దారి లేదు కాబట్టి సంచి ఉబ్బుతుంది. మే నెలలో మన రేకుల షెడ్డు ఎలా ఉంటదో చెప్పక్కర్లేదుగా.

అందుకే నాకు కోపం. వారంటీ 12 నెలలని రాసుకున్నారు సరే, సంచిలో కెమిస్ట్రీకి ఆ తేదీ తెలీదు కదా. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి రూల్ ఏంటంటే బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ చేసినా 80 శాతం కెపాసిటీ నిలవాలి, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా 7 ఏళ్లు స్పేర్ పార్టులు దొరకాలి. మన దగ్గర కూడా 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత ఉత్పత్తిదారుదే, దానికి వారంటీతో సంబంధం లేదు. 2019 వినియోగదారుల చట్టంలో లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు పరిహారం కట్టాలని ఉంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

మా బాబాయి ఫోన్ చివరికి ఊళ్లో రిపేర్ కుర్రాడే విప్పాడు, ప్లాస్టిక్ బద్దతో అంచు వెంట నిదానంగా, "నొక్కకండి బాబాయ్ గారూ, చిల్లు పడితే గుప్పుమంటది" అంటూ. పాత బ్యాటరీని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "మేం తీసుకోం" అన్నారు. ఇప్పుడది ఇసుక పోసిన రేకు డబ్బాలో, షెడ్డుకి దూరంగా కొబ్బరిచెట్టు మొదట్లో ఉంది.