చెరువు గొంగడి కప్పుకుంటే

పిల్లలూ,

సంక్రాంతికి మీరంతా ఇక్కడికి వచ్చినప్పుడు మీ మామ కెనడా నుంచి పంపిన వీడియోను వాకిట్లో మంచం మీద కూర్చుని చూశాం, గుర్తుందా? కనుచూపు మేర తెల్లటి బయలు, దాని నడుమ మామ చిన్న స్టూలేసుకుని కూర్చున్నాడు, కాళ్ల ముందర పళ్లెమంత గుండ్రటి చిల్లు, చూస్తుండగానే అందులోంచి మూరెడు చేప గిలగిలా కొట్టుకుంటూ బయటికొచ్చింది. మీ అమ్మమ్మ చేపను చూడనేలేదు, "వాడు చెవులకు ఏమన్నా కట్టుకున్నాడా లేదా" అని అడిగింది. చిన్నది మాత్రం అసలు ప్రశ్న వేసింది. "తాతా, మన ఫ్రిజ్‌లో పెట్టిన చేప రాయిలాగా అయితది కదా, మరి ఆ చేప ఐస్ కింద ఉండి కూడా ఎందుకు గడ్డకట్టలేదు?"

"రేపు చెప్తా బిడ్డా" అన్నాను. ఆ రేపు రాకముందే మీరు బస్సెక్కి హనుమకొండ వెళ్లిపోయారు, నేను బతికిపోయాను. నిజానికి ఆ రోజు నాకు జవాబు సగమే తెలుసు. మిగతా సగం కోసం మీ మామకు అక్కడ పొద్దున ఆఫీసుకు పోయే టైంలో నాలుగు రోజులు వరసగా ఫోన్ చేసి వాడి ప్రాణం తీశాను. ఇప్పుడు రాస్తున్నా.

ముందు ఒక తిరకాసు తీర్చుకుందాం. మనకు పొగమంచూ మంచే, గడ్డకట్టిందీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. అందుకని నీళ్లు గడ్డకట్టినదాన్ని ఐస్ అంటాను, ఆకాశం నుంచి రాలే పిండిలాంటిదాన్ని మంచు అంటాను. సరేనా?

మామ కూర్చున్నది లేక్ సిమ్‌కో అనే సరస్సు మీద. టొరంటో నుంచి ఉత్తరంగా కారులో గంట, గంటన్నర. మన పాకాల చెరువు లాంటివి ఇరవైకి పైగా అందులో పడతాయి, లోతు ఒక్కోచోట 40 మీటర్లు. జనవరి నుంచి మార్చి దాకా దాని మీద మనుషులు నడుస్తారు, బండ్లు నడుపుతారు, గుడిసెలు కూడా వేసుకుంటారు. ఆ గుడిసెకు నంబరు రాయించుకోవాలి, ఐస్ కరగకముందే పీక్కుపోవాలి. చేపలు పట్టడానికి లైసెన్సు కూడా కావాలి.

ఇక ప్రశ్నకొస్తాను. చెరువు చలికాలంలో గొంగడి కప్పుకుంటుంది. అంతే.

గొంగడి అంటే మీకు తెలిసింది మా ఇంట్లో అటక మీదున్న నల్లటి గరుకు దుప్పటి, ముట్టుకుంటే గుచ్చుకుంటుందని మీరు పారిపోయేది. నల్ల గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టిస్తారు. వాన పడితే దాన్నే తల మీదుగా కొప్పెర పెట్టుకుని మా నాయన పొలం పోయేవాడు, పైన నీళ్లు జారిపోయేవి, లోపల మనిషి పొడిగా ఉండేవాడు. నాకు పదేళ్లప్పుడు జొన్నచేను కావలికి మంచె మీద ఆయనతో పడుకునేవాణ్ణి. పుష్యమాసం చలి, పొద్దుగాల లేస్తే గొంగడి పైన పొగమంచు పట్టి చల్లగా తడితడిగా ఉండేది, లోపల మేమిద్దరం వెచ్చగా ఉండేవాళ్లం. "గొంగడి ఇంత సల్లగ ఉంటే మనకు చలెందుకు పెట్టలేదు నాయనా" అని అడిగితే, "గొంగడికి వేడి యాడుంది, వేడి నీదే, అది పోకుండా కావలి కాస్తది" అన్నాడు. బడికి పోని మనిషి. నేను పదో తరగతిలో ఉష్ణవాహకత అని చదువుకున్నది మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ఐస్ కూడా అంతే బిడ్డా. అది చల్లగా ఉంటుంది, పైన గాలి ఇంకా చల్లగా, సున్నాకు 20 డిగ్రీలు కింద ఉంటుంది. ఆ గాలి లోపలి నీళ్లలో ఉన్న కాస్త వేడినీ లాక్కుపోకుండా ఐస్ అడ్డం పడుకుంటుంది. దాని మీద మంచు పడితే ఇంకో గొంగడి కప్పినట్టు. మొదటి నాలుగంగుళాల ఐస్ గబగబా పేరుకుంటుంది, తర్వాత ఎంత చలి పెట్టినా నెమ్మదిస్తుంది, ఎందుకంటే కప్పుకున్నవాడికి చలి అంత తొందరగా ఎక్కదు కదా.

అయితే మామూలు గొంగడిని మనమే తెచ్చి కప్పుకుంటాం. చెరువుకు ఎవరు కప్పారు? ఇక్కడే నీళ్ల వింత ఉంది. మామూలుగా ఏ వస్తువైనా చల్లబడితే దగ్గరికి ముడుచుకుంటుంది, అంతే చోటుకు బరువెక్కుతుంది. నీళ్లు కూడా శరదృతువులో పైన చల్లబడి, బరువెక్కి, అడుగుకు దిగుతాయి, అడుగువి పైకొస్తాయి. ఇట్లా చెరువు మొత్తం ఒకసారి కలియబడుతుంది. 4 డిగ్రీల దాకా ఇదే కథ. అక్కడికి రాగానే నీళ్లు మొండికేస్తాయి. ఇంకా చల్లబడితే బరువెక్కడం మానేసి తేలికవుతాయి! తేలికైనవి పైనే ఉండిపోతాయి, పైనే గడ్డకడతాయి, ఆ గడ్డ ఇంకా తేలిక కాబట్టి తేలుతుంది. రామప్ప గుడి శిఖరంలో వాడిన ఇటుక నీళ్లలో తేలుతుందని గైడు చెబితే నోరు తెరుచుకుని విన్నారు కదా, అట్లాగే అనుకోండి, ఇటుకను కాకతీయులు కాల్చారు, దీన్ని చలి కాల్చింది.

నీళ్లు ఎందుకట్లా మొండికేస్తాయి అంటే అణువులు, కోణాలు అని మీ సైన్సు టీచరు చెబుతారు, వినండి. నాకైతే విన్న ప్రతిసారీ అర్థమైనట్టే ఉంటుంది, తెల్లారేసరికి మళ్లీ వింతే. ఒక్కటి ఆలోచించండి. నీళ్లు కూడా అన్నిటిలాగా అడుగు నుంచి గడ్డకట్టుకుంటూ వస్తే ఆ సరస్సు అడుగున రాయి పేరుకుంటూ పోయేది, చేప దాక్కునే లోతు నీళ్లే ముందు పోయేవి.

కాబట్టి చేప ఉన్నది ఫ్రిజ్‌లో కాదు. లోతు నీళ్లలో 4 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున 5 డిగ్రీలు పడితే పేపర్లో మొదటి పేజీలో వేస్తారు చూడండి, ఆ చేపలకు నాలుగు నెలలూ అదే వాతావరణం. చేపకు మనలాగా సొంత వేడి ఉండదు, నీళ్లెంత చల్లనో అదీ అంతే, కాబట్టి చాలా చేపలు ఆకలి తగ్గించుకుని మెల్లగా కదులుతాయి. మామ పట్టే ట్రౌట్, వైట్‌ఫిష్ మాత్రం చలినీళ్ల చేపలే. సాల్మన్ అనే చేపకు చుట్టాలు రెండూ. వీపు మీద తోక దగ్గర ఎముక లేని చిన్న మెత్తటి రెక్క ఉంటుంది, అదే ఆ చుట్టరికానికి గుర్తు. ఆ సరస్సులోని ట్రౌట్‌ను లేక్ ట్రౌట్ అంటారు, దానికి ఎండాకాలమే కష్టం, పైన నీళ్లు వేడెక్కితే అడుగుకు పోయి దాక్కుంటుంది. చలికాలం వచ్చిందంటే సరస్సంతా దానిదే.

మరి ఊపిరి? మూత పెట్టిన డబ్బాలో గాలెక్కడిదని మీరడుగుతారు. చల్లటి నీళ్లు ఎక్కువ ప్రాణవాయువు పట్టుకుంటాయి. లీటరు నీళ్లలో సున్నా డిగ్రీల దగ్గర 14 మిల్లీగ్రాముల పైన కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఇది నాకు లెక్కలు తెలియకముందే తెలుసు. ఒక మే నెలలో మా ఊరి చెరువు ఎండి మడుగైంది, తెల్లవారుజామున పోతే రవ్వలు, బొచ్చెలు అన్నీ నీళ్ల మీదికి మూతులు తెరుచుకుని వరసగా నిలబడ్డాయి. నాకు పండుగే, బుట్ట తెచ్చా. మా నాయన బుట్ట లాక్కుని, "ఊపిరాడక చస్తున్న దాన్ని పట్టుడు పట్టుడు కాదు" అని ఇంటికి తోలాడు. ఆ కోపం నాకు నెల రోజులు ఉంది. ఆ చేపలన్నీ సాయంత్రానికి వేరేవాళ్ల బుట్టల్లోకి పోయాయనుకోండి, అది వేరే సంగతి.

ఆ మడుగులో కొర్రమీనుకు మాత్రం ఏం కాలేదు, అది పైకొచ్చి గాలి మింగి పోతుంది, బురదలో కూడా బతుకుతుంది. మన రాష్ట్ర చేప అని మీరు గర్వంగా చెప్పుకుంటారు కదా, దాన్ని తీసుకెళ్లి ఆ ఐస్ కింద వదిలితే చలి సంగతి అటుంచండి, పైకొచ్చి గాలి మింగే దారి లేక నీళ్లలోనే మునిగి చస్తుంది. నీళ్లలో మునిగి చచ్చే చేప! ఏ చెరువు చేపకు ఆ చెరువు.

గొంగడి కూడా ఎక్కువైతే ప్రమాదమే. లోతు లేని చిన్న కుంటల మీద మంచు మందంగా పడితే వెలుతురు లోపలికి పోదు, లోపలి మొక్కలు ప్రాణవాయువు చెయ్యలేవు, ఒక్కోసారి చాలా చేపలు చచ్చిపోయి, ఐస్ కరిగాక తేలతాయి. తల మీదికి ముసుగు తన్ని పడుకుంటే ఊపిరాడనట్టే. (మీ అమ్మమ్మ వెనక నుంచి చదివి, "ఇంకా ఆ గొంగడిని వదలవా" అంటున్నది. వదలను.)

పట్టడం ఎట్లాగంటే, చేత్తో తిప్పే పెద్ద మర ఉంటుంది, చేతిబోరు అనుకోండి. ఐస్‌ను తొలుచుకుంటూ పోయి ఒక్కసారి బుడుంగుమని కిందికి దిగుతుంది, నీళ్లు పైకి తన్నుకొస్తాయి. ఐస్ పదింట తొమ్మిది వంతులు నీళ్లలో మునిగే తేలుతుంది కాబట్టి అడుగు మందం ఉన్నా చిల్లులో నీళ్లు దాదాపు అంచుదాకా వస్తాయి. ఆ చిల్లు మళ్లీ గడ్డకట్టకుండా మామ ఒక గంటెతో తోడుతూ ఉంటాడు. అది అచ్చం మన బూందీ గంటె. అంత దూరం పోయి మావాడు చేసే పని పెళ్లిలో వంటమేస్త్రీ పనే.

వైట్‌ఫిష్ నోరు చిన్నది, కిందికి తిరిగి ఉంటుంది, అడుగున నత్తలు, పురుగులు ఏరుకుని తింటుంది. అందుకే చిన్న గాలం, దాన్ని అడుగుకు దించి బురద మీద టకటక కొడతారు, దుమ్ము లేస్తే ఇదేంటో చూద్దామని చేప వస్తుంది. పెదవి మెత్తన, గట్టిగా గుంజితే చిరిగి పోతుంది. ట్రౌట్ అట్లా కాదు, అది వేటగాడు. గాలం వెనక పడిందంటే మనం గాలాన్ని పైకి పరుగెత్తించాలి, భయపడి పారిపోతున్న చేపలాగా, అప్పుడు తరుముకొస్తుంది. లోతు నుంచి పైకొచ్చేటప్పుడు అది పొట్టలోని గాలిని తేన్పులా వదిలేస్తుంది. కాబట్టి చిల్లులో ముందు బుడగలు, తర్వాత చేప. ఆ బుడగలు చూసినప్పుడల్లా గుండె దడదడలాడుతుందని మామ చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి వాడికి.

ఇంకా ఉత్తరాన గ్రేట్ స్లేవ్ లేక్ అని ఉంది, 614 మీటర్ల లోతు, అక్కడ వైట్‌ఫిష్‌ను అమ్మకానికి వలలతో పడతారు. ఐస్ కింద వల ఎట్లా పరుస్తారు? ఒక పలకను చిల్లులోంచి లోపలికి దించుతారు. తాడు లాగిన ప్రతిసారీ దానికున్న చెయ్యి ఐస్ అడుగును తన్నుతుంది, పలక ముందుకు జరుగుతుంది. కింద అది పాకుతుంటే పైన ఒక మనిషి ఆ చప్పుడు వింటూ వెంట నడుస్తాడు, ఆగినచోట ఇంకో చిల్లు పొడిచి తాడు అందుకుంటాడు. రెండు చిల్లుల మధ్య తాడు పడింది, ఇక వల లాగడమే. ఇది కనిపెట్టినవాడికి దండం పెట్టాలనిపించింది నాకు.

భయం లేదా అంటే, ఉంది. గాజులాంటి గట్టి ఐస్ కనీసం నాలుగంగుళాలు ఉంటేనే మనిషి అడుగు పెట్టాలంటారు, ఆరు ఉండాలనేవాళ్లూ ఉన్నారు, కారుకైతే అడుగు మందం. తెల్లగా పొంగినట్టున్న ఐస్‌కు సగం బలమే. తెలిసినవాళ్లు గడ్డపారలాంటి కడ్డీతో కొట్టి చూసుకుంటూ నడుస్తారు. మీకు ఐస్ లేదు గానీ చెరువు ఉంది. తెలియని నీళ్లలో దిగకండి, సెలవుల్లో కాలువ గట్ల మీద సెల్ఫీలు వద్దు. కోప్పడుతున్నాననుకోకండి, మత్తడి దుంకుతుంటే చేపల కోసం దిగి నేనొకసారి కొట్టుకుపోయాను, తుమ్మచెట్టు కొమ్మ దొరికింది కాబట్టి మీకు ఈ ఉత్తరం.

ఇంకో మాట చెప్పి వదిలేస్తా. ఆ సిమ్‌కోలో ఒకప్పుడు ట్రౌట్ పిల్లలు బతకడం మానేశాయి. చుట్టూ పొలాల నుంచి, ఊళ్ల నుంచి భాస్వరం చేరి నాచు విపరీతంగా పెరిగేది, అది చచ్చి అడుగున కుళ్లి అక్కడి ప్రాణవాయువును తినేసేది. మన చెరువుల్లో గుర్రపుడెక్క పెరిగేది కూడా ఇట్లాంటి మురికి తినే కదా. అప్పుడు చేపల పెంపక కేంద్రాల్లో ట్రౌట్ పిల్లలను పెంచి, గుర్తు కోసం రెక్క కొంచెం కత్తిరించి ఏటేటా వదిలారు. తర్వాత మురికి తగ్గించే పని మొదలుపెట్టారు. ఇప్పుడు చిల్లులోంచి రెక్కలన్నీ సక్రమంగా ఉన్న ట్రౌట్ వస్తే, అది ఆ సరస్సులోనే పుట్టిందన్నమాట. మామ మొన్న పట్టింది అట్లాంటిదే. ఫొటో తీసుకుని, తలకిందులుగా మళ్లీ చిల్లులోకి జారవిడిచాడట. వీడియోలో ఆ ముక్క లేదు.

రాత్రిపూట ఆ ఐస్ మోగుతుందట. చలి పెరిగేకొద్దీ బిగుసుకుని పగులుతూ, దూరంగా ఉరిమినట్టు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు ఆ చప్పుడు పరుగెత్తుతుందట. ఫోన్లో వినిపించాడు. నేనూ అమ్మమ్మా స్పీకర్ పెట్టి మాట్లాడకుండా విన్నాం.

మీరు చూడాల్సింది ఒకటుంది. స్టీలు గ్లాసులో ముప్పావు వంతు నీళ్లు పోయండి, నిండా వద్దు, గడ్డకడితే ఉబ్బుతాయి. గ్లాసుకు చుట్టూ, అడుగున పాత స్వెటర్ మందంగా చుట్టి పై మూతి మాత్రం వదిలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. స్వెటర్ ఎందుకంటే చలి పైనుంచి మాత్రమే రావాలి, చెరువుకు వచ్చినట్టు. రెండు గంటల తర్వాత మెల్లగా తీసి చూడండి, లేకపోతే ఇంకో గంట ఆగండి. పైన పలుచటి పొర కడితే అమ్మను అడిగి దబ్బనంతో ఒక చిల్లు పొడవండి, నీళ్లు పైకి ఉబుకుతాయి. ఒక కన్ను మూసి ఆ చిల్లులోంచి కిందికి చూడండి. అందులో చేప ఉండదని నాకూ తెలుసు. అయినా చూడండి.

మీ తాత