ఎమ్మెస్ కోర్సు ప్లాన్: మన పిల్లలు నమ్మే మాటలు, అసలు సంగతులు

కిందటి ఆదివారం పొద్దున్నే చీపురుపల్లి నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చారు. అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న కొడుకు వాట్సాప్‌లో పంపిన కోర్సు ప్లాన్ ఫారాన్ని, అంటే డిగ్రీకి ఏ కోర్సు ఎప్పుడు చదువుతాడో రాసిచ్చే కాగితాన్ని, ప్రింటు తీయించి తెచ్చారు. "మేస్టారూ, ఇది నింపి ఇచ్చేస్తే మా గుంటడి పని అయిపోయినట్టేనా?" అని అడిగారు. (నేను ఏనాడూ పాఠం చెప్పలేదు. మన వైపు నాలుగు అక్షరాలు వచ్చిన ప్రతివాడూ మేస్టారే.) ఫారంలో పది కోర్సుల పేర్లు చక్కగా రాసి ఉన్నాయి. పక్కన "ఏ సెమిస్టర్" అన్న గడి పదింటికీ ఖాళీ.

అమెరికాలో ఒక యూనివర్సిటీ ఆఫీసులో కొన్నేళ్లు ఇవే ఫారాలు సరిచూశాను. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. అక్కడ విన్న అపోహలే ఇక్కడా వింటున్నాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: పది కోర్సులు ఎంచుకుంటే ప్లాన్ అయిపోయినట్టే.

వాస్తవం: ఎంచుకోవడం తేలిక, ఎప్పుడు చదవాలో తేల్చుకోవడమే కష్టం. చాలా ఎమ్మెస్‌లు 30 క్రెడిట్లవి, కోర్సుకు 3 చొప్పున పది కోర్సులు. కానీ అన్ని కోర్సులూ అన్ని సెమిస్టర్లలో చెప్పరు. కొన్ని ఆగస్టులో మొదలయ్యే ఫాల్‌లోనే ఉంటాయి, కొన్ని జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌లోనే. పైగా కొన్నింటికి ముందు వేరే కోర్సు పాసై ఉండాలి, దాన్ని ప్రీరిక్విజిట్ అంటారు. మన ఊరి లెక్కలో చెప్పాలంటే పైడితల్లి పండగలో సోమవారం తొలేళ్లు అయితేనే మంగళవారం సిరిమాను ఊరేగింపు. ఆ మంగళవారం తప్పిందా, మళ్లీ వచ్చే ఏటి పండగ దాకా ఆగాల్సిందే.

ఒకబ్బాయి మొదటి ఫాల్‌లో అల్గారిథమ్స్ కష్టమని వదిలేశాడు. వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో అది ఫాల్‌లోనే ఉండేది. రెండో ఫాల్‌లో తీసుకున్నాడు. దాని తర్వాత తప్పనిసరిగా చదవాల్సిన అడ్వాన్స్‌డ్ కోర్సేమో స్ప్రింగ్‌లోనే. వేసవిలో ఒక కోర్సు చేసి డిసెంబరుకల్లా డిగ్రీ ముగించాలనుకున్నవాడు, ఒక్క కోర్సు కోసం మే దాకా ఉండిపోయాడు. ఫీజు ఒక్క కోర్సుకే కట్టాడు. ఇంటద్దె, ఇన్సూరెన్సు, ఇక్కడ బ్యాంకు లోను మీద వడ్డీ మాత్రం అన్ని నెలలకూ పడ్డాయి.

అందుకే నేను పిల్లలకు చెప్పేది ఒకటే. తెల్ల కాగితం మీద సెమిస్టర్‌కొక నిలువు గడి గీయండి. ఏడాదికొకసారే వచ్చే కోర్సులను ముందు వాటిలో దించండి. వాటికి కావలసిన ప్రీరిక్విజిట్లను ఎడమవైపు గళ్లలో సర్దండి. ఎప్పుడూ దొరికే కోర్సులతో మిగిలిన చోటు నింపండి. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి, ఇష్టమైనవి ముందు వేసుకుంటారు.

అపోహ: సీనియర్ ప్లాన్ కాపీ కొడితే చాలు.

వాస్తవం: మీకు సాధారణంగా వర్తించేది మీరు చేరిన ఏడాది కేటలాగ్‌లోని (యూనివర్సిటీ కోర్సుల, నియమాల పుస్తకం) నియమాలు, సీనియర్ చేరిన ఏడాదివి కావు. ఇంకో తేడా బ్రాంచి. ఇక్కడ మెకానికలో సివిలో చదివి అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో చేరితే, డేటా స్ట్రక్చర్స్ లాంటి పునాది కోర్సులు అదనంగా చదవమంటారు. చాలాచోట్ల వాటిని ఆ 30 క్రెడిట్లలో కలపరు. సీఎస్‌ఈ చదివిన సీనియర్ ప్లాన్‌లో ఇవి కనిపించవు కదా! మీ అడ్మిషన్ లెటర్‌లో షరతుల పేరా చదవండి. చదవకుండా ఫైల్లో పెట్టేసే పేరా అదే.

ఒకసారి నా టేబుల్ మీదికి వచ్చిన ప్లాన్‌లో ఒకే కోర్సు రెండుసార్లు ఉంది. డిపార్ట్‌మెంట్ కోర్సు నంబరు మార్చింది. కుర్రాడు పాత నంబరు సీనియర్ దగ్గర, కొత్త నంబరు వెబ్‌సైట్లో చూసి రెండూ రాసేశాడు. ప్రొఫెసర్ సంతకం కూడా అయిపోయింది!

అపోహ: అడ్వైజర్ (మనకు దారి చూపే ప్రొఫెసర్) సంతకం పెట్టాక బాధ్యత ఆయనదే.

వాస్తవం: పై సంగతి చదివాక వేరే చెప్పాలా? చదువు పరంగా కోర్సులు మీకు సరిపోతాయా అని ఆయన చూస్తారు. క్రెడిట్ల లెక్క గ్రాడ్యుయేట్ ఆఫీసు చూస్తుంది. వీసా సంగతి ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్ఓ, అంటే విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి చూస్తారు. మూడింటినీ కలిపి చూసేవారు మీరొక్కరే.

అపోహ: తొమ్మిది క్రెడిట్లు ఉంటే చాలు, ఆన్‌లైన్ అయినా ఒకటే.

వాస్తవం: కాదు. ఎమ్మెస్‌లో ఫుల్‌టైమ్ అంటే చాలాచోట్ల సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారికి ఆ లెక్కలో పూర్తి ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అంటే 3 క్రెడిట్లకు మించకుండా చెల్లుతుంది. చివరి సెమిస్టర్లో ఒక్క కోర్సే మిగిలితే అది పూర్తి ఆన్‌లైన్‌ది కాకూడదు. అప్పుడు తక్కువ క్రెడిట్లతో ఉండటానికి డీఎస్ఓ అనుమతి ముందే తీసుకోవాలి. ప్లాన్ రాసే రోజే చివరి గడిలో క్లాసుకు వెళ్లి చదివే కోర్సు ఉంచుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

అపోహ: ఇంటర్న్‌షిప్‌కూ ప్లాన్‌కూ సంబంధం లేదు.

వాస్తవం: చదువుతుండగా సీపీటీ (చదువులో భాగంగా పని చేయడానికి ఇచ్చే అనుమతి) మీద చేసే ఇంటర్న్‌షిప్ మీ కోర్సులో భాగమై ఉండాలి. చాలాచోట్ల దానికొక క్రెడిట్ కోర్సు తీసుకోవాలి, అంటే ప్లాన్‌లో దానికీ చోటుండాలి. మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే ఇస్తారు. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద అనుమతి పడకముందు ఒక్కరోజు పని చేసినా తప్పే. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేశారంటే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేయడానికి ఇచ్చే అనుమతి) పోయినట్టే.

అపోహ: ప్లాన్ ఒకసారి ఇస్తే మార్చకూడదు.

వాస్తవం: మార్చవచ్చు, దానికీ ఒక ఫారం ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా వేరే కోర్సు చదివేస్తేనే గ్రాడ్యుయేషన్ ముందు లెక్క తేడా వస్తుంది.

అపోహ: ఇక్కడ చదివిన ఎం.టెక్ క్రెడిట్లు కలిపేస్తారు.

వాస్తవం: ఒక డిగ్రీకి వాడేసిన క్రెడిట్లను మరో డిగ్రీకి చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. ఆశ పెట్టుకోకండి.

అపోహ: ప్లాన్ ఇవ్వడం ఆఖరి సెమిస్టర్లో చేసే పని.

వాస్తవం: చాలా యూనివర్సిటీలు మొదటి ఏడాదిలోనే అడుగుతాయి. ఇవ్వకపోతే తర్వాతి రిజిస్ట్రేషన్‌ ఆపేసేవీ ఉన్నాయి.

చీపురుపల్లి ఆయన కూర్చుని ఉండగానే వాళ్లబ్బాయికి వీడియో కాల్ చేశాం. అక్కడ శనివారం అర్ధరాత్రి. పెన్సిల్‌తో ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చాం. ఏడో కోర్సు దగ్గర ఆగిపోయాం, అది వచ్చే స్ప్రింగ్‌లో ఉందో లేదో కుర్రాడికి తెలియదు. సోమవారం డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టి అడగమన్నాను. పెన్ను జవాబు వచ్చాకే ముట్టుకోమన్నాను.