పి53: స్లైడు మీద గోధుమ రంగు కనిపిస్తే మంచిదా?

అపోహ: బయాప్సీ రిపోర్టులో ‘పి53 పాజిటివ్’ అని రాస్తే, క్యాన్సర్‌ను అణచే ప్రోటీన్ సమృద్ధిగా ఉన్నట్టే.

వాస్తవం: పాథాలజిస్టునైన నన్ను రోగుల బంధువులు తరచూ అడిగే ప్రశ్న ఇది. పి53 అనేది క్యాన్సర్‌ను అణచే ఆ ప్రోటీన్; అది ఉన్న చోట గోధుమ రంగు తేలేలా స్లైడు మీది కణాలకు రంగు పట్టిస్తాం. జవాబు చాలావరకు ఇందుకు విరుద్ధం. ఆరోగ్యకరమైన కణంలో ఎండీఎం2 అనే మరో ప్రోటీన్ పి53ను పట్టుకుని ఎప్పటికప్పుడు నాశనానికి పంపుతుంది కనుక, అది నిమిషాల్లోనే తరిగిపోతుంది. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు ఆ పట్టు సడలి, నిలదొక్కుకున్న పి53, పి21 వంటి జన్యువులను పనిలోకి దింపి కణవిభజనను ఆపిస్తుంది. నష్టం మరమ్మతుకు లొంగనిదైతే కణాన్ని మరణం వైపు నడిపిస్తుంది. ఎండీఎం2 తయారీని పెంచేదీ పి53యే కావడం ఇందులో తమాషా: పని చెడిన పి53 తనను తొలగించేదాన్ని తగినంతగా పుట్టించలేదు, అందువల్ల కేంద్రకంలో పేరుకుపోతుంది.

అందుకే కణితిలో దాదాపు ప్రతి కేంద్రకమూ ముదురు గోధుమ రంగులో కనిపిస్తే మేము పి53 జన్యువులో ఉత్పరివర్తనాన్ని (మార్పును) అనుమానిస్తాం. ప్రోటీన్ సవ్యంగా ఉన్నచోట ఒక కేంద్రకం లేతగా, మరొకటి ముదురుగా, పక్కది రంగే లేకుండా ఉంటాయి. చుట్టూ ఉన్న మామూలు కణాలకు రంగు పట్టి, కణితి కణాలకు బొత్తిగా పట్టకపోయినా అనుమానించవలసిందే, ఎందుకంటే అక్కడ ప్రోటీనే తయారు కావడం లేదేమో. కనుక ‘పాజిటివ్’ అన్న ఒక్క మాటతో రిపోర్టు ముగించడం నా దృష్టిలో సరికాదు.

అపోహ: జన్యువు రెండు ప్రతులలో ఒకటి చెడినా, రెండోది సగం పని నెట్టుకొస్తుంది.

వాస్తవం: 393 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ ఒంటరిగా కాక, నాలుగు అణువులు జట్టుకట్టి పనిచేస్తుంది, జట్టులో చెడ్డవి చేరితే మంచివాటి పనీ కుంటుపడుతుంది. డీఎన్ఏను పట్టుకునేది మధ్య భాగం, దాని ఆకృతిని నిలబెట్టేది ఒక జింకు అయాను. 248, 273 స్థానాలలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలు డీఎన్ఏను నేరుగా తాకుతాయి కనుక అక్కడి మార్పు పట్టును పోగొడుతుంది; 175వ స్థానంలోని మార్పు ఆకృతినే కూలుస్తుంది. 1979లో బయటపడిన పి53ను పదేళ్లపాటు క్యాన్సర్ కారకమని పొరబడడానికీ, ప్రయోగాలలో వాడిన ప్రతులు ఇలా మారినవి కావడమే కారణం; 1989లో ఆ పొరపాటు తేలింది.

అపోహ: కణితిలో పి53 మార్పు కనిపిస్తే పిల్లలకూ సంక్రమిస్తుంది.

వాస్తవం: ఎక్కువ సందర్భాలలో ఆ మార్పు కణితిలోనే పుడుతుంది. పి53 మార్పు వంశపారంపర్యంగా వచ్చే స్థితి, అంటే లీ-ఫ్రామేని సిండ్రోమ్, అరుదు. దాన్ని సాధారణంగా రక్తపరీక్షతో నిర్ధారిస్తారు.