గుర్రం రక్తంలో పగటివేషగాడు

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా నుంచి ఒక పాఠకుడు రాశారు. వాళ్ల వీధిలో పెళ్లిళ్లకు గుర్రాన్ని తిప్పే కుటుంబం ఉందట, ఆ గుర్రానికి సర్రా జబ్బు వచ్చిందట. "దాన్ని మాలిష్ చేసే పిల్లవాడికి కూడా అంటుకుంటుందా?" అని అడిగారు. దాదాపు అంటుకోదు. కానీ ఆ 'దాదాపు' వెనక ఉన్న కథలో ముఖ్యమైన ముక్క చంద్రపూర్ జిల్లాలోనే జరిగింది, కాబట్టి వివరంగానే చెప్తాను.

సర్రా గురించి నాకు మొదట చెప్పింది మా మేనమామ. నాగపూర్‌లో పశువైద్యం చదివి, సర్వీసంతా రాజురా, బల్లార్షా చుట్టుపక్కల పల్లెల్లోనే చేశారు. రాజురా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది కదా, ఇంట్లో తెలుగు, దవాఖానలో మరాఠీ. దవాఖానకు వచ్చేవన్నీ ఆవులు, గేదెలు, మేకలే. ఈనలేక అవస్థపడే గేదె, పొట్ట ఉబ్బిన ఎద్దు, గాలికుంటు టీకాలు, వీటితోనే రోజు గడిచేది. మనసు మాత్రం గుర్రాల మీద. ఎక్కడైనా గుర్రం నీరసపడిందని కబురొస్తే కంచం ముందు నుంచి లేచి బండి తీసేవారు. ముందు మెడ మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడేవారు. అది కుదుటపడ్డాకే పెదవి ఎత్తి చిగుళ్లు చూసేవారు.

"దిష్టి తగిలినట్టున్నది డాక్టర్ సాబ్, తింటున్నది గని ఒంటికి పడ్తలేదు" అనేవాళ్లు యజమానులు. సర్రా లక్షణాన్ని ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పదు. మేత మానదు, చిక్కిపోతుంది. చిగుళ్లు పాలిపోతాయి, పొట్ట కింద నీరు దిగుతుంది, వెనక కాళ్లు తూలుతాయి. జ్వరం కొన్నాళ్లు కాసి తగ్గుతుంది, మళ్లీ కాస్తుంది. తగ్గిన రోజున ఎవరు తాయెత్తు కట్టారో వాళ్లకు పేరొస్తుంది. గుర్రం మెడ కింద దేవమణి సుడి ఉంటే ఏ జబ్బూ రాదన్న నమ్మకమూ ఉంది. సుడి చూసి గుర్రాన్ని కొనుక్కుంటే కొనుక్కోండి, దానితో పేచీ లేదు. వాచిన పొట్ట మీద వాతలు పెట్టడం మాత్రం దుర్మార్గం. ఆ వాపు రక్తంలోని జబ్బు వల్ల వచ్చింది, చర్మం కాలిస్తే పోదు.

జ్వరం ఉన్న రోజు ఒక్క చుక్క రక్తం తీసి, గాజు పలక మీద వేసి, పచ్చిగా ఉండగానే మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఎర్ర కణాలు ఒకచోట ఉన్నట్టుండి అటూఇటూ కదులుతాయి, వాటిని ఎవరో తోసుకుంటూ పోతున్నట్టు. పరీక్షగా చూస్తే సన్నగా, పొడుగ్గా, మెలికలు తిరుగుతూ ట్రిపనోసోమా ఇవాన్సీ. ఏకకణ జీవి. దీన్ని 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర సైన్యం గుర్రాల రక్తంలో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. జబ్బు గుర్రం రక్తాన్ని వేరే జంతువులకు ఎక్కించి, జబ్బుకు కారణం ఇదేనని చూపించాడు. ఎలుకల్లో ఇలాంటివి హాని చెయ్యకుండా తిరుగుతున్నాయి కదా అని అప్పటి పెద్దలు ఒప్పుకోలేదు. చివరికి ఆ జీవికి ఆయన పేరే మిగిలింది.

జ్వరం ఎందుకు వచ్చి పోయి మళ్లీ వస్తుంది? నన్ను ఏళ్లుగా వదలని సంగతి ఇదే. మన ఊళ్లలోకి వచ్చే పగటివేషగాళ్లను, మరాఠీవాళ్లు బహురూపి అనే వాళ్లను, తలుచుకోండి. ఈ జీవి ఒంటి నిండా ఒకే రకం ప్రొటీన్ కప్పుకుని ఉంటుంది, సుమారు కోటి అణువులు, సందు లేకుండా. అది వేషం. గుర్రం ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ వేషాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసేసరికి కొన్ని రోజులు పడుతుంది. ఆ తర్వాత ఆ వేషంలో ఉన్నవన్నీ హతం, జ్వరం దిగుతుంది. కానీ లక్షల్లో ఏ ఒకటో రెండో అప్పటికే వేషం మార్చేసి ఉంటాయి. నిన్నటి యాంటీబాడీలకు అవి కొత్త మనుషులే. అవే పెరుగుతాయి, మళ్లీ జ్వరం. దీని పెట్టెలో వేషాల జన్యువులు వందల్లో ఉంటాయి, తొడిగేది మాత్రం ఒక్కసారికి ఒక్కటే. పెట్టెలోవి చాలావరకు చిరుగులే, అయినా ఆ ముక్కలను కలిపి కుట్టి, ఇంతవరకు ఎవరూ చూడని వేషం కడుతుంది. అందుకే సర్రాకు టీకా రాలేదు. ఏ వేషానికని టీకా చేస్తారు? ఒక్క తేడా ఉంది. పగటివేషగాడు ఊరిని చూసి వేషం ఎంచుకుంటాడు, చివరి రోజు మామూలు బట్టల్లో వచ్చి సంభావన అడుగుతాడు. ఇది దేన్నీ చూడదు. మార్పు యాదృచ్ఛికం, ఎంపిక చేసేది యాంటీబాడీలే. వేషం తీసి రావడమన్నది అసలే లేదు.

మన పాఠాల్లో ఆఫ్రికా నిద్రజబ్బు, దాన్ని మోసే సీసీ ఈగ ఉంటాయి, మన పాకలో ఉన్న దాని చుట్టం గురించి ఒక్క వాక్యం ఉండదు. సర్రా జీవి సీసీ ఈగలో పెరగడానికి కావలసిన డీఎన్ఏను పోగొట్టుకుంది, దాంతో ఆ ఈగ అవసరమే లేకుండా పోయింది. జోరీగ చాలు. జోరీగ కుడితే మండుతుంది, గుర్రం తోక విసురుతుంది, ఈగ సగంలో లేచి పక్క జంతువు మీద వాలుతుంది. మూతికి అంటిన తడి రక్తంలోనే జబ్బు దాటిపోతుంది. గేదెల్లో, ఒంటెల్లో ఇది ఏళ్ల తరబడి నివురుగప్పిన నిప్పులా ఉండగలదు. విదర్భలో సంచార పశుపోషకులైన రబారీల ఒంటెలు ఊరి పక్క దిగినప్పుడల్లా మామయ్య గుర్రాల యజమానులను హెచ్చరించేది అందుకే.

ఇక మనిషి సంగతి. మన రక్తంలో ఎపోఎల్1 అనే ప్రొటీన్ ఉంది. ఈ జీవికి ఇనుముతో కూడిన హీమ్ కావాలి, దాన్ని సొంతంగా చేసుకోలేదు, రక్తం నుంచి మింగాలి. ఆ మేతతో పాటే ఎపోఎల్1 కూడా లోపలికి పోయి, దాని జీర్ణకోశికల (మేతను అరిగించే చిన్న సంచుల) పొరకు రంధ్రాలు పెడుతుంది. జీవి ఉబ్బి పగిలిపోతుంది. గుర్రానికి ఈ ప్రొటీన్ లేదు. 2004లో చంద్రపూర్ జిల్లా రైతు ఒకరికి నెలల తరబడి జ్వరం వచ్చి పోతుంటే రక్తంలో ఇదే జీవి కనబడింది. పరిశీలిస్తే, ఆయనకు తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ఎపోఎల్1 జన్యువులూ చెడిపోయి ఉన్నాయి. సురామిన్ మందుతో కోలుకున్నారు. 2015లో వియత్నాంలో ఒక మహిళకు మాత్రం ఎపోఎల్1 బాగానే ఉన్నా సోకింది, అందుకే 'దాదాపు' అన్నాను. మాలిష్ చేసే అబ్బాయి చేతికి పుండు ఉంటే గుర్రం రక్తం తగలకుండా చూసుకోవాలి, అంతే.

గుర్రానికి క్వినాపైరమైన్ ఇంజెక్షన్ ఉంది. చేశాక కొన్ని గుర్రాలకు చెమట పట్టి, చొంగ కారి, ఒళ్లు వణుకుతుంది. మామయ్య సూది వేసి వెళ్లిపోయేవారు కాదు, అది సర్దుకునేదాకా పాకలోనే కూర్చునేవారు. మీ డాక్టరును కూడా కాసేపు ఆగమనండి. వానల తర్వాత గుర్రాన్ని గేదెలకు దూరంగా కట్టండి. జోరీగలు పగటిపూట కుడతాయి, కాబట్టి పొగ రాత్రి కాదు, పగలు వెయ్యాలి. రక్తం తీయించేది జ్వరం కాస్తున్న రోజున. తగ్గిన రోజు తీయిస్తే పలక మీద ఏమీ కనబడక, జబ్బు లేదనుకునే ప్రమాదం ఉంది.