స్టీల్ గిటార్‌కూ గొంతుకూ ఒకే చిన్న యాంప్: అపోహలు - వాస్తవాలు

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదిలోనే హవాయి గిటార్, అంటే అడ్డంగా పెట్టుకుని తీగల మీద ఉక్కు బార్ జారుస్తూ వాయించే స్టీల్ గిటార్, నేర్పుతాను. గృహప్రవేశాలకు, భజనలకు, చిన్న చిన్న పాత పాటల కచేరీలకు వాయిస్తుంటాను. "మాస్టారూ, గిటార్ వాయించుకుంటూ పాడటానికి ఒకే యాంప్ చాలదా? ఏది కొనమంటారు?" అని అడగని శిష్యుడు లేడు. యాంప్ అంటే గిటార్, మైక్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకరు పెట్టె. వాళ్ల చేతిలో ఉండేది పదో పదిహేనో వేలు. అది వృథా అయితే మళ్లీ కూడబెట్టడానికి ఏడాది పడుతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: మనది గిటారే కాబట్టి గిటార్ యాంప్ కొంటే, దాంట్లోనే మైక్ పెట్టి పాడుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఎలక్ట్రిక్ గిటార్ యాంప్‌లో మామూలుగా ట్వీటర్ (సన్నని, పదునైన శబ్దాలను పలికే చిన్న స్పీకరు) ఉండదు. అందులోని స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన సన్నని శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. గిటార్ తీగకు అది మేలే, గరుకుతనం పోతుంది. కానీ మన స, శ, చ లాంటి అక్షరాల పదును చాలావరకు ఆ పైనే ఉంటుంది. ఆ యాంప్‌లో "శ్రీశైల శిఖరం" అని పలికి చూడండి. నోటికి కండువా అడ్డం పెట్టుకుని పలికినట్టు ఉంటుంది. తెలుగు పాటకు సాహిత్యం ప్రాణం. మాట అర్థం కాకపోతే ఎంత బాగా పాడినా వినేవాళ్లకు చేరదు.

అదే ట్వీటర్ ఉన్న పెట్టెలో స్టీల్ గిటార్ వాయిస్తే కాస్త పదునుగా ఉంటుంది, తీగ మీద బార్ జారే చప్పుడు కూడా వినిపిస్తుంది. ట్రెబుల్ (పదును పెంచే, తగ్గించే నాబ్) కొంచెం తగ్గిస్తే అది సర్దుకుంటుంది. స్పీకరు అసలు పలకని శబ్దాన్ని మాత్రం ఏ నాబూ తెచ్చిపెట్టలేదు. కాబట్టి ఒకే పెట్టె కొనేటప్పుడు ముందు గొంతుకు సరిపోయేది చూడండి. కీబోర్డ్ యాంప్, అకూస్టిక్ గిటార్ యాంప్, మిక్సర్ కలిసి ఉన్న చిన్న యాక్టివ్ స్పీకర్ (లోపలే యాంప్ ఉన్న స్పీకరు) ఈ కోవలోకి వస్తాయి. మైక్‌కూ గిటార్‌కూ వేరువేరు వాల్యూమ్, వేరువేరు టోన్ ఉండాలి. నా లెక్కలో ఇది తప్పనిసరి.

అపోహ: వాట్లు ఎక్కువైతే శబ్దం అంతకు అంత పెరుగుతుంది.

వాస్తవం: 30 వాట్ల నుంచి 60కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది కాస్త తేడాగానే తెలుస్తుంది. రెట్టింపు శబ్దంగా అనిపించాలంటే సుమారు పది రెట్ల పవర్ కావాలి. స్పీకరు సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే అది ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె, 91 డెసిబెల్స్ బదులు 97 ఉంటే, అదే యాంప్‌కు నాలుగింతల వాట్లు ఇచ్చినట్టే. డబ్బా మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ అనే ప్రచారపు వాట్ల అంకెను అసలు లెక్కలోకి తీసుకోకండి. ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే నిజమైన వాట్లు, ఎంతో అడగండి.

అలాగని మరీ చిన్నదీ పనికిరాదు. మనం వాల్యూమ్ పెడల్ (కాలితో శబ్దం పెంచి తగ్గించేది) సగం నొక్కి తీగ మీటుతాం. స్వరం సన్నబడేకొద్దీ పెడల్ తెరుస్తూ దాన్ని నిలబెడతాం. ఆ సాగే స్వరం శుభ్రంగా ఉండాలంటే యాంప్‌లో ఇంకా కొంత పవర్ మిగిలి ఉండాలి. అది అయిపోయినప్పుడు పగిలినట్టు వచ్చే మోత రాక్ గిటార్‌కు అందం కావచ్చు, మన గమకాన్ని మాత్రం చెడగొడుతుంది. ఇంటి హాలుకు, యాభై అరవై మంది కూర్చునే భజనకు 40 నుంచి 60 నిజమైన వాట్లు నాకు సరిపోతున్నాయి. పెద్ద కళాక్షేత్రాల్లో సౌండ్ వాళ్లు ఎలాగూ ఉంటారు, మన పెట్టెకు లైన్ అవుట్ (వాళ్ల సిస్టమ్‌కు శబ్దం పంపే సాకెట్) ఉంటే చాలు.

అపోహ: స్టీల్ గిటార్ అంటే 15 అంగుళాల స్పీకరే కావాలి.

వాస్తవం: అమెరికాలో డ్రమ్స్ ఉన్న బ్యాండ్‌తో వాయించే పెడల్ స్టీల్ (కాలి పెడళ్లతో తీగల శ్రుతి మార్చే స్టీల్ గిటార్) వాళ్ల అలవాటు అది. సీ6 అనే శ్రుతిలో ఉన్న ఆరు తీగల గిటార్‌కు అన్నిటికన్నా కింది స్వరం సాధారణంగా సుమారు 131 హెర్ట్జ్. మంచి 8 అంగుళాల స్పీకరు దాన్ని హాయిగా పలుకుతుంది. బస్సులో తీసుకెళ్లాల్సింది కూడా మనమే కదా.

అపోహ: జాక్ పట్టిందంటే పనిచేస్తుంది.

వాస్తవం: మ్యాగ్నెటిక్ పికప్‌కు (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే గిటార్ భాగానికి) సుమారు 10 లక్షల ఓముల నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. కొన్ని పెట్టెల్లో లైన్ ఇన్‌పుట్ 10 వేల ఓములే ఉంటుంది. అందులో పెడితే గిటార్ మొద్దుబారి, నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. పాపం, శిష్యులు తమ చేతిలోనే లోపం ఉందనుకుంటారు. "ఇన్‌స్ట్రుమెంట్" లేదా "హై-జెడ్" అని రాసి ఉన్న ఇన్‌పుట్ ఉందో లేదో చూడండి. లేకపోతే మధ్యలో డీఐ బాక్స్ (గిటార్ సంకేతాన్ని అలాంటి ఇన్‌పుట్‌కు సరిపోయేలా మార్చే చిన్న డబ్బా) పెట్టాలి. ట్రాలీ స్పీకర్లతో వచ్చే ఇబ్బందుల్లో ఇదొకటి.

అపోహ: కుయ్‌మని అరిస్తే మైక్ చెడ్డది.

వాస్తవం: చాలాసార్లు పెట్టె మన వెనక ఉండటమే కారణం. కాస్త ముందుకు, పక్కకు జరపండి, మైక్ వీపు పెట్టె వైపు ఉండాలి.

అపోహ: అమెరికా నుంచి తెప్పించుకుంటే చవక, ప్లగ్ మారిస్తే చాలు.

వాస్తవం: మన జిల్లాలో ప్రతి వీధికీ ఒక అమెరికా బంధువు ఉన్నాడు కాబట్టి ఈ మాట ఎక్కువగా వింటాను. మా అక్క కొడుకు "మీ కోసమే మావయ్యా" అని ఎంతో ప్రేమగా ఒక యాంప్ తెచ్చాడు. వెనక రాసి ఉన్నది చదవకుండా పిన్ కన్వర్టర్ తగిలించి స్విచ్ వేశాను. నిమిషం గడవకముందే కాలిన వాసన వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. అది 120 వోల్టులది, మన కరెంటు 230. వాడి ముఖం చూడలేకపోయాను. వెనక "100-240" అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. "120" అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ ఖర్చూ బరువూ కలుపుకుంటే చవక ఎక్కడ మిగిలింది?

కొనడానికి ఏలూరు రోడ్డుకు వెళ్లినా, గుంటూరులో పాతది చూడటానికి వెళ్లినా మీ గిటారు, మీ మైకు, మీ కేబుళ్లు వెంట తీసుకెళ్లండి. ముందు ఏదీ తగిలించకుండా వాల్యూమ్ పెంచి హుస్సుమనే శబ్దం ఎంతుందో వినండి. తర్వాత గిటార్ తగిలించి, ముప్పావు వాల్యూమ్‌లో అన్నిటికన్నా లావు తీగ గట్టిగా మీటండి. ఆ సెట్టింగ్ కదపకుండా ఒక చరణం పాడండి, వెంట వచ్చిన వాళ్లను వీధి గుమ్మం దగ్గర నిలబెట్టి మాటలు తెలుస్తున్నాయో లేదో అడగండి. షాపువాళ్లు తొందరపెడితే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి.