పెందలాడే పడుకున్నా నిద్రెందుకు పట్టదు?

తెల్లవారుజామున ప్రయాణం ఉందని, రోజూ పన్నెండింటికి పడుకునే మనిషి పదింటికే మంచమెక్కుతాడు. కునుకు రాదు. తప్పు అతనిది కాదు. నిద్ర పట్టాలంటే మెదడులో రెండు లెక్కలు ఒకేసారి కుదరాలి.

మొదటిది అడినోసిన్ అనే రసాయనం. మెలకువగా ఉన్నంతసేపూ ఇది మెదడులో పోగుపడుతూ ఉంటుంది. ఎంత పెరిగితే అంత మత్తు. నిద్రపోతే తగ్గుతుంది. కాఫీ దీన్ని తగ్గించదు. అడినోసిన్ అతుక్కోవలసిన చోట కెఫీన్ వెళ్లి కూర్చుంటుంది, అంతే. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం కప్పు రాత్రి దాకా వెంటాడుతుంది.

రెండోది గడియారం. కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు కాస్త పైన, హైపోథాలమస్ అనే మెదడు భాగంలో ఉండే సుమారు 20,000 కణాల గుంపు ఇది. దాని రోజు 24 గంటలకంటే కొంచెం పొడవు. అందుకే ఏ రోజుకారోజు సరిదిద్దుకోవాలి. ఆ పని వెలుగుది. ఉదయపు వెలుగు రాత్రి నిద్రవేళను ముందుకు తెస్తుంది, పొద్దుపోయాక పడే వెలుగు ఆలస్యం చేస్తుంది. విచిత్రమేమిటంటే, అలవాటైన నిద్రవేళకు రెండు మూడు గంటల ముందే ఈ గడియారం మెలకువను అన్నిటికంటే గట్టిగా నిలబెడుతుంది. మన ప్రయాణికుడు మంచమెక్కింది సరిగ్గా ఆ వేళకే.

పట్టాక నిద్ర ఒకే తీరున సాగదు. సుమారు 90 నిమిషాలకో చుట్టు. గాఢనిద్ర ఎక్కువగా మొదటి చుట్లలోనే వస్తుంది, గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేదీ అప్పుడే. కలలు ముమ్మరంగా వచ్చే రెమ్ నిద్ర తెల్లవారేకొద్దీ పెరుగుతుంది. ఎనిమిది గంటల్లో చివరి రెండు కోసేస్తే నిద్రలో పోయేది పావు వంతే, రెమ్‌లో మాత్రం అంతకు మించి పోతుంది.

అందుకే పడుకునే వేళకంటే లేచే వేళను పట్టుకోవడం మేలు. సెలవు రోజైనా అదే వేళకు లేచి, కాసేపు ఆరుబయట వెలుగులో ఉండాలి. పదకొండు దాకా పడుకుంటే వెలుగూ ఆలస్యమే, అడినోసిన్ పోగుపడటమూ ఆలస్యమే; ఆ రాత్రి జాగారం తప్పదు. పగటి కునుకు 20 నిమిషాలు దాటనివ్వకండి, గాఢనిద్రలోంచి లేస్తే తల దిమ్ముగా ఉంటుంది. మంచం మీద దొర్లుతూ 20 నిమిషాలు గడిచాయనిపిస్తే లేచి మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి పడుకోవాలి.

గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటూ, పగలంతా తూగుతుంటే మాత్రం ఇవేవీ సరిపోవు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతోందేమో డాక్టరు పరీక్షించి చూడాలి.